బిందె నిండిన చప్పుడు

రాసుకుంటున్నావా? పైన దుబాయి సంగతి అని పెట్టు, మిగతాది నేను చెబుతాను. నవ్వకుండా రాయి.

నువ్వు అప్పుడప్పుడే పాకడం మొదలుపెట్టావు. మీ అమ్మకు సెలవు అయిపోయింది, ఆఫీసుకు పోవాలి, నిన్ను చూసుకునే మనిషి కావాలి. అందుకని ఉరవకొండ నుంచి కన్నతల్లిని నన్ను పిలిపించుకుంది. "ఆడంతా ఇసకంట, ఎండలు తట్టుకోలేవక్కా," అని పక్కింటామె భయపెడితే, "ఈడ ఏమన్నా మంచు కురుస్తాందా," అని విమానం ఎక్కాను. నిజంగానే ఎండ నన్నేమీ చెయ్యలేదు. నన్ను భయపెట్టింది ఆ ఇంటి తలుపు. వదిలితే దానంతట అదే మూసుకుని తాళం పడిపోతుంది.

ఆ రోజు మీ నాయన ముందే వెళ్లిపోయాడు. మీ అమ్మ చెప్పులు వేసుకుంటూ చెప్పింది.

"అమా, పైన ట్యాంకు కడుగుతాండారంట. మధ్యాన్నం దాకా నీళ్లు రావు."

"మళ్ల ఎప్పుడొస్తాయి?"

"వచ్చినప్పుడొస్తాయి. నువ్వేమీ కాపు కాయొద్దు, ఇది ఉరవకొండ కాదు."

ఆమె వెళ్లాక నేను చేసింది మా వీధిలో ఏ ఇంట్లోనైనా చేసేదే. మా కొళాయికి నీళ్లు ఏ రోజు ఏ వేళకు వస్తాయో ఎవరికీ తెలియదు. అందుకే కొళాయి తిప్పి, కింద బిందె పెట్టి, మా పనుల్లో మేం ఉంటాం. ఉత్త బిందెలో ధార పడిన చప్పుడు వినబడగానే పరిగెత్తుతాం. ఇక్కడా వంటింటి సింకులో బిందె పెట్టి కొళాయి తిప్పి వదిలాను. నీళ్లు పోయే రంధ్రం మీదే బిందె కూర్చుందని చూసుకోలేదు.

నిన్ను హాల్లో నేల మీద బొంత పరిచి పడుకోబెట్టాను. మంచం మీదయితే దొర్లి పడతావని నా భయం. మంగళవారం కదా, గడప ముందు చిన్న ముగ్గయినా వేద్దామని బియ్యప్పిండి తీసుకుని బయటికి వచ్చాను. రోజూ పెట్టినట్టే తలుపుకు నా చెప్పొకటి అడ్డం పెట్టాను. ముగ్గు వంకర పోయిందేమోనని వెనక్కి జరిగి చూస్తుంటే చెప్పు లోపలికి జారింది. తలుపు పడిపోయింది.

ఫోను లోపల. తాళంచెవి లోపల. నువ్వు లోపల.

ఎదురింటి గంట కొట్టాను, పక్కింటి గంట కొట్టాను. అందరూ పనులకు పోయి ఉన్నారు. ఇంతలో తలుపు అవతల కొళాయి బుస్సుమని గాలి వదిలింది, వెంటనే ధార పడింది. తలుపుకు చెవి ఆనించాను. బిందె ఎంతవరకు నిండిందో చూడకుండా చెప్పగలను నేను. మొదట గలగలమంటుంది, సగమయ్యాక చప్పుడు మారుతుంది, మెడ దాకా వచ్చేసరికి సన్నబడుతుంది. సన్నబడింది. ఆ తర్వాత నీళ్ల మీద నీళ్లు పడే చప్పుడు.

నువ్వు లేచి ఏడ్చావు.

"ఈడే ఉండానమ్మా బంగారూ, ఈడే ఉండా," అని తలుపుకు నోరు ఆనించి అరిచాను. అరిస్తే నా గొంతు వైపు పాకొస్తావు, వచ్చేది నీళ్లలోకే. అరవకపోతే నువ్వు ఏడుపు ఆపవు. కిందికి పోతే నిన్ను వదిలేసినట్టు, పోకపోతే తలుపు తీసేవాళ్లు లేరు. అలా నిలబడి ఉండగానే తలుపు కింద నుంచి నీళ్లు వచ్చి ముగ్గు మీదికి పాకాయి. అప్పుడు పరిగెత్తాను.

లిఫ్టు ఎప్పుడూ ఒంటరిగా ఎక్కలేదు. అన్నిటికన్నా కింది బొత్తాం నొక్కాను. కింద కాపలా ఉండేది ఒక పఠాను. ఉరవకొండలో మా గోడ పక్క ఇల్లు సాయిబులది, చిన్నప్పటి నుంచి వాళ్లతో మాట్లాడిన ఉర్దూ నాకు నోటికి వచ్చు.

"భయ్యా, బచ్చీ అందర్ హై. దర్వాజా బంద్ హోగయా. పానీ భర్‌రా." బిడ్డ లోపల ఉంది, తలుపు పడిపోయింది, నీళ్లు నిండుతున్నాయి అని.

"చాబీ?" అన్నాడు, తాళంచెవి ఏదని.

"అందర్."

ఆయన ఫోనులో ఎవరితోనో మాట్లాడాడు. పెద్ద సారు వచ్చేదాకా తలుపు ముట్టుకోకూడదట.

"తుమారే బచ్చే నై క్యా?" అన్నాను. నీకు పిల్లలు లేరా అని.

ఆయన నా కాళ్ల వైపు చూశాడు. ఒక కాలికే చెప్పుంది. ఇంకేం అడగకుండా సుత్తి, ఇనప కడ్డీ తీసుకుని లిఫ్టు ఎక్కాడు.

పైకి వచ్చేసరికి నీ ఏడుపు వినబడలేదు. లోపల ఏదో చప్ చప్ మంటోంది. అదేంటో నాకు అర్థం కాలేదు. ఆయన కడ్డీ దూర్చి కొడుతున్నాడు, తాళం ఊడిరాదు. నేను దేవుడికి మొక్కుకోవడం కూడా మరిచిపోయాను.

తలుపు తెరుచుకుంది. నువ్వు బొంత దిగి, హాలు మధ్యలో తడిసి ముద్దయి కూర్చుని, రెండు అరచేతులతో నీళ్లను కొడుతున్నావు. నేను ఆ నీళ్లలోనే కూలబడి నిన్ను ఒళ్లోకి లాక్కున్నాను. పఠాను కొళాయి కట్టేసి, బిందె ఎత్తి చూసి, "ఇది ఇక్కడ ఎందుకు పెట్టావమ్మా," అని అడిగాడు. అది చెప్పడానికి నా ఉర్దూ చాలలేదు.

కబురందుకుని మీ అమ్మ వచ్చింది. విరిగిన తాళం చూసింది. నిన్ను తీసుకుని తల నుంచి కాళ్ల దాకా తడిమింది. నా వైపు చూడలేదు.

"నన్ను ఊరికి పంపిచ్చేయ్ పాపా. నావల్ల కాదు," అన్నాను.

"పంపిచ్చి? దీన్ని ఎవురు చూసుకుంటారు, ఆ బిందె చూసుకుంటాదా?"

నేను తడిసిన కొంగు పిండుకున్నాను.

"ఇంగ గడప దాటితే దీన్ని ఎత్తుకొనే దాటు. ముగ్గు లేకపోయినా లచ్చిమి వస్తాదిలే, లిఫ్టు ఉండాది కదా."

నాకు నవ్వు రాలేదు. ఆమె నిన్ను చంకన వేసుకుని, ఒక పాత చీర నా ఒళ్లోకి విసిరింది. ఇద్దరం నేల తుడవడం మొదలుపెట్టాం.

ఆ ఊర్లో ఉన్నన్నాళ్లు చెత్త పారేయడానికి పోయినా నిన్ను చంక దించలేదు. నీకు నడక ఆలస్యంగా వచ్చిందని మీ అమ్మ ఇప్పటికీ నన్నే అంటుంది. అననీ.