కోమలికి నేర్పిన మాట

మునికృష్ణ కూతురు కోమలికి ఏడేండ్లు నిండినా నోట మాట రాలేదు. తిరుపతి స్టేషన్ దగ్గర ఆటో తోలే ఆయనకు ఆ పిల్ల చూపును బట్టే అన్నీ తెలిసిపోయేవి. బిందె వైపు చూస్తే నీళ్లు, డబ్బా వైపు చూస్తే మురుకులు. అడిగే అవసరమే రానిచ్చేవాడు కాదు. డాక్టర్లు ఆటిజం అని చెప్పినాక వారానికి రెండుసార్లు థెరపీకి తీసుకుపోతున్నాడు. అక్కడ నేర్పే కృపామణి ఒకరోజు ఆయన్ను కూచోబెట్టింది.

"అన్నా, నువ్వే కనిపెట్టి ఇచ్చేస్తే పాపకు అడగాల్సిన పనేముండాది? ఈ బొమ్మల కార్డులు తీసుకుపో. నీళ్ల కార్డు నీ చేతిలో పెట్టినాకనే నీళ్లియ్యి. రోజూ కొంచెంసేపే. మొండిగా పట్టుకోవద్దు."

చివరి మాట ఆయన చెవికెక్కలేదు. ఏది కావాలో చెప్పలేని పిల్లను చూసుకోలేమని బడివాళ్లు ఆ జూన్‌లోనే పంపించేసినారు. మళ్లీ జూన్ వచ్చేలోపు నేర్పి తీరాలని పంతం పట్టినాడు.

రోజూ సాయంత్రం చాప మీద కార్డులు పరిచి, మురుకు చేతిలో పట్టుకుని గంటసేపు కూతురి ఎదురుగా కూచునేవాడు. కోమలి చెవులు మూసుకుని కేకలు పెట్టేది. ఒకరోజు తన చెయ్యి తనే రక్తం వచ్చేట్టు కొరుక్కుంది.

భార్య పంకజాక్షి పరుగున వచ్చింది. "ముక్క మురుకు కోసం బిడ్డను ఇంత ఏడిపిస్తావా?"

"మనం లేనినాడు దీన్ని ఎవురు సూస్తారే? అడగడం రావాల గదా!" అన్నాడు.

నెల తిరిగేసరికి కోమలి మురుకుల కార్డు ఇవ్వడం మొదలుపెట్టింది. ఆ సంబరంలో ఆయన పాఠం ఇంకా పెంచినాడు. ఒక సాయంత్రం పదోసారో పదకొండోసారో మురుకుల కార్డు అడిగేసరికి, పిల్ల దాన్ని పక్కకు తోసేసింది. కట్ట అడుగునుంచి ఇంకొకటి లాగి ఆయన చేతిలో పెట్టింది. అడ్డంగా చాపిన అరచెయ్యి బొమ్మ. అది ఆయన నేర్పింది కాదు. పొరపాటనుకుని పక్కన పెట్టినాడు. కోమలి మళ్లీ తీసిచ్చింది. ఈసారి ఆయన వేళ్లు కూడా మూసి పట్టుకుంది.

"సాలంటాండాది నిన్ను," అనింది పంకజాక్షి మెల్లగా.

మునికృష్ణ కార్డులన్నీ ఎత్తి పెట్టేసినాడు. సంతోషపడాలో ఏడవాలో తెలియలేదు. ఇన్ని సాయంత్రాలు కేకలతో, పళ్లతో ఆ పిల్ల చెప్పింది ఇదే కదా.

మర్నాడు కృపామణికి చెప్పినాడు. "ఆ కార్డు ఈడ నేనే నేర్పించినానన్నా," అనిందామె. "ఇచ్చినాక ఆపినావా?"

"రెండోసారికి ఆపినాను."

"ఇంక మొదటిసారికే ఆపాల."

బడి సంగతి అడిగితే మాత్రం, అది బడివాళ్లనే అడగాలని చెప్పి ఆమె ఇంకో పిల్లను లోపలికి పిలుచుకుంది. ఆ రోజునుంచి పాఠం పది నిమిషాలకు తగ్గింది. జూన్ మాత్రం దగ్గర పడుతూనే ఉంది.