స్క్రీన్ ఆరితే ఆగిపోయే రేడియో

ఒమాన్‌లో ఇబ్రి నుంచి బురైమి వెళ్లే షేర్ టాక్సీలో నా పక్కన జగిత్యాల మేస్త్రీ రాజన్న కూర్చున్నాడు. ఆయన ఫోన్‌లో తెలుగు రేడియో మోగుతోంది. స్క్రీన్ ఆరబోయినప్పుడల్లా బొటనవేలితో తట్టి లేపుతున్నాడు.

"ఆరితే రేడియో బందైతది తమ్మీ. ఊర్ల మా చేన్ల పత్తి గింజలు పెట్టి పదిరోజులాయె. వాన కబురు చెప్తరేమోనని డ్యూటీల గూడ గిట్లనే తడుత."

గుండె ఆపరేషన్ చేసే డాక్టర్‌లా ఫోన్ అందుకుని, సెట్టింగుల్లో రేడియో యాప్‌కున్న బ్యాటరీ పొదుపు తీసేశాను. స్క్రీన్ ఆరింది, రేడియో ఆగలేదు. మొత్తం వైద్యం రెండు నొక్కులు.

కాసేపటికి రేడియోలో జగిత్యాల వైపు రేపు వర్షమన్నారు. "మేరే గావ్ మే బారిష్!" అని రాజన్న కేక పెట్టాడు. ఒమానీ డ్రైవర్ "అల్‌హందులిల్లా" అంటూ బండి పక్కకు ఆపి, డబ్బా తెరిచి మాకు ఖర్జూరాలు పంచాడు. వాన ఏ దేశంలో పడితేనేం, ఇక్కడ శుభవార్తే.

రాజన్న వెంటనే ఇంటికి ఫోన్ కలిపాడు. స్పీకర్‌లో భార్య గొంతు: "రేపేంది? నిన్న పొద్దుగాల సంది పడుతనే ఉన్నది. నీకు చెప్దామని నిన్నంత చేసిన, నీ ఫోన్ స్విచ్చాఫ్!"

రోజంతా స్క్రీన్ వెలిగిస్తే బ్యాటరీ ఏం మిగులుతుంది?

రాజన్న ఇంకో ఖర్జూరం తీసుకున్నాడు. "రేడియో తప్పు చెప్పలే తమ్మీ. రేపు గూడ పడ్తది గావచ్చు."