నోరు మూసుకున్న అరగంట

తదేకం అసలు పేరు దరఖాస్తులు నింపేటప్పుడు తప్ప ఇంట్లో ఎవరికీ గుర్తుకు రాదు. చిన్నప్పుడు ఇంటికి ఎవరొచ్చినా తలుపు పక్కన నిలబడి వాళ్ళ మొహంలోకి కళ్ళార్పకుండా చూసేది. అక్కను పెళ్ళి చేసుకున్న కొత్తలో బావ ఓపిక పట్టలేక, "ఏంటి తల్లీ నీ తదేకం, నా మొహమేమైనా సినిమా తెరా?" అన్నాడు. ఆ మాటే అంటుకుపోయింది. ఇప్పుడామెకు ఇరవై మూడేళ్ళు. పళ్ళ ల్యాబులో పని నేర్చుకుంది. విరిగిన పంటి మీద తొడిగే పింగాణి క్యాపులు చేస్తుంది. చూడటమే ఆమె ఉద్యోగమైపోయింది గనుక బావ ఆ పేరు పెట్టిన ఘనత తనదేనని చెప్పుకుంటూ తిరుగుతున్నాడు.

ఆ నెలలో ఆమెకు రెండు చోట్ల నుంచి పిలుపు వచ్చింది. వాళ్ళ ఊరు రైలు లైను మీద సరిగ్గా మధ్యలో ఉంటుంది. ఎగువకు పోయే బండి ఎక్కితే ఒక మహానగరం, దిగువకు పోయే బండి ఎక్కితే ఇంకొకటి. ఇంట్లో వాటిని పై ఊరు, కింద ఊరు అనేవాళ్ళు. రెండు ల్యాబులవాళ్ళూ ఒకరోజు వచ్చి పని చేసి చూపించమన్నారు.

"పై ఊరే నయం. పెద్ద కంపెనీ. అందులో కాలు పెడితే ఇక వెనక్కి చూసుకోనక్కర్లేదు" అంది అక్క.

"నేను రెండు ఊళ్ళూ తిరిగినవాణ్ణి" అన్నాడు లారీ నడిపే బావ. "పై ఊళ్ళో దారి అడిగితే చెప్పరు. కింద ఊళ్ళో అడక్కపోయినా చెప్తారు. కాకపోతే తప్పు చెప్తారు."

"అది బతకాల్సింది అక్కడ. లారీ ఆపుకోవడానికి కాదు. నువ్వు కాసేపు ఊరుకుంటావా?"

ఏ ఊరు మంచిదన్న ప్రశ్న తదేకాన్ని అంతగా పట్టలేదు. అక్కడ పన్ను ఎలా చేస్తారు, ఎవరు చేస్తారు, ఏ వెలుగులో చేస్తారు అన్నదే చూడాలనిపించింది.

సోమవారం పై ఊరు వెళ్ళింది. ల్యాబు ఒక పొడవాటి హాలు. అరవై మంది దాకా ఉన్నారు. ప్రతి పంటికీ ఒక చిన్న నీలం ట్రే, ట్రే మీద ఒక నంబరు. ఒకరు అచ్చు పోస్తే ఇంకొకరు అంచులు గీస్తారు, మరొకరు మెరుగు పెడతారు. ట్రే చేతులు మారుతూ హాలంతా తిరిగి, చివర తలుపులోంచి బయటికి పోతుంది. ఒక మూల అద్దాల పెట్టెలో యంత్రం తెల్లటి బిళ్ళను నీళ్ళు చిమ్ముకుంటూ చెక్కుతోంది. పది నిమిషాల్లో దవడ పన్ను, గుంటలతో సహా, బయటపడింది. తదేకం భోజనం మానేసి ఆ పెట్టె ముందే నిలబడింది. ఆమెకు ఆ ఊరు నచ్చలేదని ఎవరైనా అంటే అబద్ధమే.

రంగులు వేసే బల్ల దగ్గర కూర్చోబెట్టారు. పన్ను ఏ రంగులో ఉండాలో డాక్టరు రాసిన చీటీ ట్రేలోనే ఉంటుంది. ఆమె ఒక ముందు పన్ను చేసింది. సూపర్‌వైజరు దాన్ని వేలి మీద పెట్టుకుని అటూ ఇటూ తిప్పాడు. నెమ్మదైన మనిషి. మాట్లాడేటప్పుడు కూడా ట్రేలవైపే చూస్తుంటాడు.

"చెయ్యి బాగుంది. గురువారం సాయంత్రం ఐదు లోపల ఫోన్ చేసి వస్తావో రావో చెప్పు. చెప్పకపోతే ఇంకొకర్ని తీసుకోవాలి."

"ఇది ఎవరికండీ?" అని అడిగింది తదేకం.

ఆయన ట్రే మీది నంబరు చూపించి వెళ్ళిపోయాడు. పక్క కుర్చీలో అమ్మాయి నవ్వింది. "నేనొచ్చి నాలుగేళ్ళు. ఒక్క నోరు కూడా చూడలేదు. హాయిగా ఉంది. ఐదున్నరకల్లా ఇంట్లో ఉంటా."

గురువారం కింద ఊరు వెళ్ళింది. అక్కడ ల్యాబంటే పళ్ళ డాక్టరు గది వెనక ఇంకొక గది, అంతే. చెప్పుల షాపు పైన రెండో అంతస్తు. మెట్ల మీద కొత్త తోలు వాసన. లోపల మూడు కుర్చీలు, ఒక పెద్ద కిటికీ, కుక్కరంత కొలిమి ఒకటి. ల్యాబు నడిపే మేడమ్‌కు అరవై దాటాయి. రెండు కళ్ళజోళ్ళు, ఒకటి ముక్కు మీద, ఇంకొకటి నెత్తి మీద.

"ఇవాళ ముందు పన్నుకు క్యాపొకటి ఉంది. లోపలి తొడుగు చేసి పెట్టాను. రంగు చూసుకుని పైన పింగాణి వేసి కాల్చు. మధ్యాహ్నం పెట్టి చూద్దాం. కుదిరితే డాక్టరు గారు అంటించేస్తారు" అంది.

ఆ పన్ను ఎవరిదో ఇక్కడ అడగనక్కర్లేకపోయింది. మెట్లెక్కుతుండగానే గొంతు వినపడింది. రైల్వే స్టేషన్లో ఎంక్వైరీ కిటికీ దగ్గర పనిచేసే ఆవిడ. ఇరవై ఎనిమిదేళ్ళుగా ఏ బండి ఎక్కడుందో ఊరందరికీ చెప్తూ వచ్చిన నోరు. కుర్చీలో కూర్చుంటూనే పన్ను ఎలా విరిగిందో మొదలుపెట్టింది. అందులోకి ఆడపడుచు వచ్చింది, ఆడపడుచు ఇంటి గేటు వచ్చింది, గేటుకు రంగు వేసినవాడి సంగతి వచ్చింది.

పంటి రంగు చూడటానికి ఒక పద్ధతి ఉంది. మనిషి కూర్చోగానే, పళ్ళు తడిగా ఉండగానే, మొట్టమొదట చూసెయ్యాలి. నోరు తెరిచి ఉంచితే పళ్ళు ఆరిపోతాయి. ఆరిన పన్ను ఉన్నదానికంటే తెల్లగా కనిపిస్తుంది. పని నేర్చుకున్న మొదటి వారంలోనే తదేకానికి ఇది తెలుసు. కానీ రంగు చూడాలంటే ఆవిడ మాట ఆపాలి. ఆపాలంటే అంత పెద్దావిడను, ముక్కూ మొహం తెలియని మనిషిని, ఏమని ఆపుతుంది? నోరు తెరవండి అని ఎవరికైనా చెప్పొచ్చు. మూసుకోమని చెప్పడానికి మర్యాదైన మాటే దొరకలేదు. బాగా తెల్లనిదాని నుంచి ముదురు రంగు దాకా నమూనా పళ్ళు వరుసగా గుచ్చిన పట్టీని చేత్తో పట్టుకుని గోడకు ఆనుకుని నిలబడింది. ఈలోగా డాక్టరు వచ్చి, దూది పెట్టి, గాలి కొట్టి శుభ్రం చేశాడు. ఇరవై నిమిషాలయ్యాక, "ఆ, చూసుకోమ్మా" అన్నాడు. ఆమె చూసింది. పట్టీలో రెండో రంగు సరిపోయింది. చేసింది, కాల్చింది.

మూడున్నరకు పెట్టి చూశారు. ఎంక్వైరీ ఆవిడ చేతి అద్దంలో చూసుకుని మురిసిపోయింది. "బాగుందమ్మా. కొత్తది కదా, కొత్తగానే కనపడుతోంది." డాక్టరు తలూపాడు. మేడమ్ ఒక కళ్ళజోడు తీసి ఇంకొకటి పెట్టుకుని, "బానే ఉంది" అంది.

తదేకం కిటికీ పక్క నుంచి ఆ పన్నును చూసింది. వీధిలో ఇళ్ళన్నీ మామూలుగా ఉండి ఒక్క ఇంటికే పట్టపగలు ట్యూబులైటు వేసినట్టుంది.

ఊరుకుంటే సరిపోయేది. అందరూ బాగుందన్నారు, ఉద్యోగం చేతికొచ్చినట్టే. నోరు విప్పితే అది పోవచ్చు. ఐదింటికి పై ఊరికి ఏదో ఒకటి చెప్పాలి.

"అంటించకండి" అంది. "తప్పు నాదే. పళ్ళు ఆరాక చూశాను. ఇంకొక రంగు ముదురు పడాల్సింది."

మేడమ్ కళ్ళజోడులోంచి ఆమెను చూసింది. "సంతోషంగా పోయే మనిషిని ఆపావు కదే. పొద్దున ఏం చేస్తున్నావు?"

"ఆవిడ మాట్లాడుతున్నారండీ."

"అయితే?"

డాక్టరు విషయం అర్థమై, నవ్వు దాచుకోవడానికి మొహం పక్కకు తిప్పుకున్నాడు. మేడమ్‌కు కూడా అర్థమైంది కానీ నవ్వలేదు. "ఇప్పుడు మళ్ళీ రంగు చూడాలంటే పళ్ళు తడవాలి. అరగంట. ఆవిడకేం చెప్పాలో నువ్వే చెప్పు."

తదేకం కుర్చీ దగ్గరకు వెళ్ళింది. "అమ్మా... మీరు కాసేపు... నోరు మూసుకుని కూర్చోవాలండీ."

ఎంక్వైరీ ఆవిడ ఒక్క క్షణం తెల్లబోయింది. తర్వాత కుర్చీ కదిలేలా నవ్వింది. "మా ఆయనకు ఇరవై ఆరేళ్ళుగా చెప్పే ధైర్యం లేదు తల్లీ ఈ మాట" అని, పెదాలు బిగించి కూర్చుంది.

రెండు నిమిషాలు గడిచేసరికి ఆవిడకు ఊపిరాడనట్టయింది. సంచీలోంచి పెన్ను తీసి, మందుల చీటీ వెనక రాసి చూపించింది: "నువ్వు మాట్లాడు. నాకు తోచట్లేదు."

ఎదురుగా ఒక మనిషి నోరు మూసుకుని తన మాట కోసం కాచుకుని ఉండటం తదేకానికి పుట్టి బుద్ధెరిగాక ఇదే మొదలు. ఎక్కణ్ణుంచి మొదలుపెట్టాలో తెలియక అద్దాల పెట్టెలో యంత్రం సంగతి చెప్పింది. అది నీళ్ళు ఎలా చిమ్ముతుందో, దవడ పన్ను ఎలా బయటికొస్తుందో చేతులతో చూపించింది. బావ మాటలు చెప్పింది. అక్క పై ఊరంటుందని, ఐదింటికి ఫోన్ చేయాలని, పక్క కుర్చీ అమ్మాయి ఐదున్నరకల్లా ఇంట్లో ఉంటుందని, అది కూడా మంచిదేనని చెప్పింది. అంత సేపు తాను మాట్లాడగలనని ఆమెకే తెలియదు.

ఆవిడ రాసింది: "అక్కడ చేసిన పన్ను ఎలా కుదిరింది?"

"తెలీదండీ."

"ఎవరికి తెలుసు?"

తదేకం ఆ చీటీ వంక చాలాసేపు చూసింది. ఆ పన్ను ఇప్పుడు ఎవరి నోట్లోనో ఉండి ఉంటుంది. చీటీలో రంగు రాసిన డాక్టరు తడి పళ్ళు చూశాడో, ఆరినవి చూశాడో. ఆ మనిషి నవ్వుతున్నాడో, చెయ్యి అడ్డం పెట్టుకుంటున్నాడో. ఇవాళ్టి తప్పు ఆమె ఇక్కడ చేసింది కాబట్టి కనపడింది. అక్కడైతే ట్రే తలుపు దాటిపోయేది. ఇలాంటివి నాలుగేళ్ళలో ఎన్ని చేస్తుందో ఆమెకు ఎవరూ చెప్పరు. చెయ్యి బాగుందనే అంటారు.

అరగంటయ్యాక పట్టీ పెట్టి చూసింది. మూడో రంగు. అంచులో కొంచెం పసుపు. ఎడమవైపు పంటి మీద వెంట్రుకంత గీత ఉంది, పొద్దున అది ఆమెకు కనపడనే లేదు. కాగితం మీద బొమ్మ గీసుకుంది.

"ఇక మాట్లాడొచ్చా?" అంది ఎంక్వైరీ ఆవిడ. "శనివారం వస్తా. నువ్వే ఉంటావుగా?"

తదేకం మేడమ్ వైపు తిరిగింది. అడగడానికి ఇంతకంటే మంచి సమయం దొరకదనిపించింది. "ఉండనా అండీ?"

"పన్ను పాడుచేసి మరీ అడుగుతోంది చూడు" అంది మేడమ్ డాక్టరుతో. తర్వాత కొలిమి మూత తెరిచి, "జీతం వాళ్ళంత ఇవ్వలేను. యంత్రం అసలే లేదు. నా కళ్ళు ఇవాళ ఎలా పనిచేశాయో చూశావుగా. ఉంటే ఉండు" అంది.

ఐదుకు పది నిమిషాలుండగా మెట్ల మీద నిలబడి పై ఊరికి ఫోన్ చేసింది. ఇంకోచోట చేరుతున్నానని, రావట్లేదని చెప్పింది.

"అక్కడ ఎక్కువిస్తున్నారా?" అన్నాడు సూపర్‌వైజరు.

"లేదండీ, తక్కువే."

"మరి?"

"ఇక్కడ చేసిన పన్ను నోట్లో ఎలా కుదిరిందో చూడనిస్తారండీ."

అవతల హాల్లో యంత్రం తిరుగుతున్న చప్పుడు వినిపించింది.

"కుదిరిందా?" అన్నాడు.

"లేదండీ. తెల్లగా వచ్చింది. శనివారం మళ్ళీ పెడతాం."

"ఊఁ" అన్నాడు. "కుదిరితే ఒకసారి ఫోన్ చేసి చెప్పమ్మా. ఊరికే, తెలుసుకుందామని."