అల్లుడుగారి ఫైర్‌వాల్

మా బావగారికి కంప్యూటర్లు క్షుణ్ణంగా తెలుసని మా ఇంట్లో ఎవరు ఎప్పుడు తేల్చారో నాకు తెలియదు. ఆయన సివిల్ ఇంజనీరు. కాలువల మీద వంతెనలు కట్టించే ఉద్యోగం. అక్కని చేసుకున్న కొత్తలో మా టీవీలో చానళ్లు సరిచేసిపెట్టారు. ఆ ఒక్క ఘనకార్యంతో కరెంటుతో నడిచే ప్రతి వస్తువు మీదా ఆయన మాటే చెల్లుబాటైంది. ఇంటల్లుడు కాబట్టి కాదనేవాళ్లు లేరు.

మాది చేపల వ్యాపారం చేసే కుటుంబం. తాతయ్య సముద్రం మీద బతికాడు. నాన్న హయాం వచ్చేసరికి చల్లపల్లి వైపు చెరువుల్లో రొయ్యలు కొని, ఫ్యాక్టరీలో ఫ్రీజ్ చేయించి, విదేశాలకి పంపే దాకా ఎదిగాం. రెండు వేల సంవత్సరం దాటిన కొత్తలో పటమటలో ఒక మేడ మీద ఆఫీసు తీసుకున్నాం. నేను ఎమ్.కామ్. చదివి ఇంట్లో ఉన్నాను. బయటి దేశాల వాళ్లకి మెయిళ్లు రాసే పని నాకప్పగించారు. ఫోన్ లైనుకి మోడెం తగిలించి, అది కీచుమని అరిచి కనెక్ట్ అయ్యేదాకా కాచుక్కూర్చుని, రాసినవి పంపేదాన్ని. వచ్చినవి చదివి నాన్నకి తెలుగులో చెప్పేదాన్ని. పని బాగానే సాగుతోంది. ఎవరూ వేలు పెట్టనంతకాలం ఏ పనైనా బాగానే సాగుతుంది.

ఒక ఆదివారం బావగారు ఎవరి దగ్గరో వైరస్‌ల గురించి విని వచ్చారు. మర్నాడే గవర్నర్‌పేటలో ఒక సీడీ కొనుక్కుని ఆఫీసుకి దయచేశారు. చెప్పులు గుమ్మం బయట విడిచి, నన్ను కుర్చీలోంచి లేపి, తను కూర్చున్నారు.

"మెయిల్‌లోంచే దొంగలు లోపలికొస్తారు తెలుసా? ఇది యాంటీవైరస్, దీంట్లోనే ఫైర్‌వాల్ కూడా. ఇంటికి ప్రహరీ గోడ కట్టినట్టన్నమాట" అన్నారు.

నాన్న పక్కనే నిలబడి, మనవడికి అక్షరాభ్యాసం జరుగుతున్నంత భక్తిగా చూస్తున్నాడు. తెరమీద ఒకదాని తర్వాత ఒకటి చిన్న పెట్టెలు వస్తున్నాయి. ఫలానా ప్రోగ్రాం ఇంటర్నెట్‌కి వెళ్తానంటోంది, వెళ్లనివ్వమంటారా, ఆపమంటారా అని అవి అడుగుతున్నాయి.

"చదివి నొక్కండి బావగారూ" అన్నాను.

"ఇవన్నీ చదివేవి కావమ్మా" అని టకటకా నొక్కుకుంటూ పోయారు. కాఫీ తాగి, పద్దాక దాన్ని ముట్టుకోవద్దని నాకు చెప్పి వెళ్లిపోయారు.

ఆ రోజు నుంచి మెయిల్ కదల్లేదు. పంపినవి పంపినట్టే అవుట్‌బాక్స్‌లో పడి ఉన్నాయి. కొత్తవి రావడం లేదు. సర్వర్‌తో కనెక్షన్ కుదరలేదని ఒకటే మాట. విచిత్రం ఏమిటంటే వెబ్‌సైట్లు మాత్రం తెరుచుకుంటున్నాయి.

సరిగ్గా అంతకుముందే సింగపూర్‌లో మా సరుకు కొనే ఆయన ల్యాబ్ రిపోర్టు అడిగాడు. రొయ్యల్లో మందుల అవశేషాలు లేవని కాగితం చూస్తేనే కంటైనర్ ఎక్కించమంటాడు. స్కాన్ చేసిన రిపోర్టు జతచేసి పంపాను. వెళ్లలేదు. మళ్లీ పంపాను. వెళ్లలేదు.

బావగారికి ఫోన్ చేశాను. "సైట్లు వస్తున్నాయంటే నెట్ బాగున్నట్టే కదా. నువ్వు పాస్‌వర్డ్ తప్పు కొడుతున్నావ్" అన్నారు. పాస్‌వర్డ్ సరిగ్గానే ఉందన్నాను. "అయితే టెలిఫోన్ లైన్‌లో తేమ. వానలు కదా" అన్నారు. లైన్‌మన్ వచ్చి చూసి లైన్ భేషుగ్గా ఉందన్నాడు. అప్పుడు ఓల్టేజీ అన్నారు. ఆ తర్వాత, ఇది నేను నవ్వులాటకి కల్పించింది కాదు, కంప్యూటర్ దక్షిణం వైపు చూస్తోందని టేబుల్ తిప్పించారు. ఇంజనీరింగ్ చదివిన మనిషి! టేబుల్ తిప్పిన సాయంత్రం కూడా మెయిల్ వెళ్లలేదు. "చూద్దాం, టైం పడుతుంది" అన్నారు, పథ్యం చెప్పిన వైద్యుడిలా.

"ఆ ఫైర్‌వాల్ ఒకసారి ఆపి చూద్దామండీ, అది పెట్టాకే కదా ఇదంతా" అని అడిగాను.

"ముట్టుకున్నావంటే వైరస్ వచ్చి మొత్తం పోతుంది, నాకు సంబంధం లేదు" అన్నారు. ఆ మాటకి నాన్న హడలిపోయాడు. "అల్లుడుగారు వద్దన్నారు కదే, ఊరుకో" అని నన్నే కసిరాడు.

నేను తిన్నగా మా వీధి చివర నెట్ సెంటర్‌కి వెళ్లాను. సైటులోంచి కూడా మెయిల్ చూడొచ్చని అక్కడి కుర్రాడు చెప్తేనే తెలిసింది. అలా తెరిస్తే, పాస్‌వర్డ్ మొదటిసారికే పనిచేసింది. సింగపూర్ నుంచి వచ్చిన మెయిళ్లు వరసగా కూర్చుని ఉన్నాయి. మొదటిదాంట్లో మర్యాద, తర్వాతదాంట్లో విసుగు, చివరిదాంట్లో ఆ రెండూ లేవు. మీ దగ్గర్నుంచి జవాబు లేదు కాబట్టి ఈ దఫా వేరేవాళ్ల దగ్గర తీసుకుంటున్నామని రాశాడు. ఫ్లాపీలో పట్టుకెళ్లిన రిపోర్టు అక్కణ్ణుంచే పంపి, క్షమాపణ రాశాను. అప్పటికే ఆలస్యమైంది.

ఇంటికొచ్చి చెప్పాను. "నువ్వు మొదటే గట్టిగా పట్టించుకుని ఉంటే" అన్నాడు నాన్న. ఫోన్లో విన్న బావగారు, "ఆడపిల్లలకి ఇలాంటివి అప్పగించేముందు ఆలోచించుకోవాలి మావయ్యగారూ" అని తీర్పు చెప్పారు. ఆ రాత్రి అన్నం సయించలేదు. ఏడుపు కంటే కోపం ఎక్కువొచ్చింది. అది నాకు మేలే చేసింది.

పొద్దున్నే ఆఫీసుకెళ్లి తెరమీద గడియారం పక్కనున్న డాలు బొమ్మ మీద నొక్కి ఫైర్‌వాల్ ఆపేశాను. ఆగిపోయిన మెయిళ్లన్నీ ఒక్క ఊపున వెళ్లిపోయాయి. మళ్లీ ఆన్ చేసి సెట్టింగుల్లోకి వెళ్లాను. అక్కడ ప్రోగ్రాముల పేర్లున్నాయి. సైట్లు చూసేదానికి అనుమతి. మా మెయిల్ ప్రోగ్రాంకి ఎర్ర గుర్తు, నిషేధం. చదవకుండా టకటకా నొక్కిన వేలే ఆ ముద్ర వేసింది.

నేను దాన్ని వెంటనే మార్చలేదు, మెయిళ్లు కొన్నాళ్లు నెట్ సెంటర్ నుంచే పంపాను. ఆదివారం భోజనానికి అక్కా బావగారూ వచ్చేదాకా ఆగి, అందర్నీ ఆఫీసుకి తీసుకెళ్లాను. ఎర్ర గుర్తు ఉండగా మెయిల్ పంపాను, వెళ్లలేదు. అనుమతి ఇచ్చి పంపాను, వెళ్లింది. ఫైర్‌వాల్ ఆన్‌లోనే ఉందని కూడా చూపించాను. అక్క నా వంక చూసి తల దించుకుంది, నవ్వాపుకుంటోందని నాకర్థమైంది.

బావగారు కళ్లజోడు తుడుచుకున్నారు. "చూశారా మావయ్యగారూ, మనం పెట్టిన సాఫ్ట్‌వేర్ ఎంత స్ట్రాంగో! సొంత మెయిల్‌ని కూడా వదల్లేదు" అన్నారు.

ఆ మాట అన్న మనిషి సిగ్గుపడలేదు. విన్న నాన్న తల ఊపాడు. మెట్లు దిగుతుంటే, "అల్లుడుగారి ముందు అట్లా చేసి చూపించక్కర్లేదమ్మా, నాకు విడిగా చెప్తే సరిపోయేది" అన్నాడు నాతో. పోయిన ఆర్డరు గురించి ఒక్క మాటైనా అనలేదు. అల్లుడి మొహం వాడిపోకుండా ఉంటే మా ఇంట్లో కంటైనరు మునిగినా ఫర్వాలేదు.

టేబుల్‌ని మాత్రం నేనే పాత చోటికి జరిపించాను. అక్కడైతే కిటికీ వెలుతురు కళ్లల్లో పడదు.

కొన్ని నెలలకి సింగపూర్ ఆయన మళ్లీ ఆర్డరిచ్చాడు. ముందుకంటే చిన్నదే అయినా ఇచ్చాడు. ఆ రోజు కంకిపాడు నుంచి వచ్చిన చెరువుల రైతు ఒకాయన, "ఈ మెయిళ్ల పనంతా ఎవరు చూస్తారండీ?" అని నాన్నని అడిగాడు.

"మా అమ్మాయేనండీ" అన్నాడు నాన్న గర్వంగా. నేను తలెత్తాను. "అల్లుడుగారు దగ్గరుండి నేర్పించారు."