పసుపు టవల్, తెల్ల తెరచాప

మా అశోక్‌నగర్ ఇంటి పై గదిలో కిరాయికి ఉంటూ సర్కారు కొలువు పరీక్షలకు చదువుకుంటున్న మహబూబ్‌నగర్ అమ్మాయి మొన్న ఆదివారం పుస్తకాలు పక్కన పెట్టి ల్యాప్‌టాప్‌లో గేమ్ ఆడుకుంటోంది. ఎండబెట్టిన మిరపకాయలు తీయడానికి మేడ మీదికి వెళ్లిన నాకు ఆ తెర మీద సముద్రమూ, నల్ల తెరచాప ఎత్తిన ఓడా కనిపించాయి. కాళ్లు అక్కడే ఆగిపోయాయి.

"అమ్మమ్మా, జర కూసో. ఈయన థీసియస్ అని గ్రీకు వీరుడు. నీకెట్ల ఎర్కైతది లే!" అని నవ్వింది.

నాకు ఎరుకే. ఆ వీరుడు మా ఇంట్లో ఏడాదిన్నర కాపురమున్నాడు.

నేను నారాయణగూడలో ఒక ఆడపిల్లల బడిలో లెక్కలు చెప్పేదాన్ని. నా ఉద్యోగం చివరి ఏళ్లలో మా వారికి పక్షవాతం వచ్చి కుడి చెయ్యి, కుడి కాలు స్వాధీనం తప్పాయి. మాట మాత్రం దక్కింది, వెటకారం అంతకంటే బాగా దక్కింది. మా చెల్లెలి కొడుకు పుణెకు ఉద్యోగానికి పోతూ, పెదనాన్నకు పొద్దుపోతుందని తన పాత గేమ్ పెట్టెను మా టీవీకి తగిలించి వెళ్లాడు. అందులో ఉన్నది ఈ థీసియస్ ఆటల్లో మొదటి భాగం.

కథ మీలో కొందరికి తెలిసే ఉంటుంది. ఎద్దు తల రాక్షసుణ్ణి చంపడానికి కొడుకు బయల్దేరుతుంటే ముసలి రాజు, బతికి వస్తే ఓడకున్న నల్ల తెరచాప తీసేసి తెల్లది ఎత్తమంటాడు. కొడుకు గెలుస్తాడు, గెలిచిన సంబరంలో ఆ మాట మరిచిపోతాడు, కొండ మీది నుంచి నల్ల తెరచాప చూసిన తండ్రి సముద్రంలో దూకేస్తాడు. ఆటలో వీరుడికి కత్తి లేదు, రాక్షసుడుండే చిక్కుదారుల కోటలో దారి తప్పకుండా తెచ్చుకున్న దారం ఉండ ఒక్కటే ఆయుధం. ఒడ్డు చేరేలోపు తెరచాప మార్చవలసింది ఆడేవాడే, గుర్తుచేసేవారు ఎవరూ ఉండరు. మా వారు ఎడమచేత్తో జాయ్‌స్టిక్ తిప్పుకుంటూ ఆ చివరి మీట అందుకునేలోపే రాజు దూకేసేవాడు.

"పేరేమో తీసేసు, తీసెయ్యాల్సింది మాత్రం తీసెయ్యడు!" అని వీరుణ్ణి తిట్టేవారు.

నేను బడికి పోతే ఇంట్లో ఆయన ఒక్కరే. ఫోను మోగితే అందుకోబోయి ఒకసారి పడ్డారు, అప్పటినుంచి నేను ఫోను చేయడం మానుకున్నాను. చిక్కడపల్లి లైబ్రరీ దాటి మా గల్లీ మొదట్లోకి వచ్చేదాకా నా ప్రాణం నాలో ఉండేది కాదు. అది చూసి ఆయనే ఉపాయం చెప్పారు. బడి వదిలే నాలుగింటికి కర్ర పట్టుకుని మెల్లగా పోయి బాల్కనీ కటకటాలకు తెల్ల టవల్ కడతాను, దూరం నుంచే చూసుకో అన్నారు.

"మనిషి క్షేమమని చెప్పడానికి తెల్లగుడ్డ కట్టుకుంటారటండీ?" అని కోప్పడ్డాను.

"నీ అసుంటోళ్లు గ్రీకుల పుట్టుంటే ఆ రాజు సచ్చేటోడే కాదు. సరే టీచరమ్మా, నీ లెక్కే కరెక్టు," అని పసుపు టవల్‌కు ఒప్పుకున్నారు.

గల్లీ మొదట్లో నిలబడి తలెత్తగానే పసుపు కనిపించడంలో ఉన్న సుఖం ఇంకెందులోనూ నేను ఎరగను.

ఒక శ్రావణ గురువారం కూడా కనిపించింది. తొందరేముందిలే అని కూరగాయల బండి దగ్గర ఆగి, ఆయనకిష్టమని, ముదురువి పడకుండా లేత బెండకాయలు ఒక్కొక్కటీ కొస విరిచి చూసి ఏరుకున్నాను. ఓపిక నశించిన బండామె "విరిచినవన్నీ నువ్వే కొనాలె టీచరమ్మా" అంటే ఇద్దరం నవ్వుకున్నాం. ఇంట్లోకి వెళ్లేసరికి ఆయన కుర్చీలోనే ఉన్నారు, జాయ్‌స్టిక్ ఒళ్లో ఉంది, ఒళ్లు చల్లబడింది. ప్రాణం పోయింది మధ్యాహ్నమేనని డాక్టరు అన్నాడు. ఆట చివరికొచ్చిన వేళ మధ్యలో లేవవలసి వస్తుందని కాబోలు, టవల్ ముందే కట్టేసుకున్నారు. టీవీలో ఓడ ఒడ్డుకు కాస్త దూరంలో ఊగుతూ నిలబడి ఉంది. తెల్ల తెరచాపతో.

నేను ముందుగా చేరినా ఒరిగేదేమీ లేదని డాక్టరుతో పాటు అందరూ అన్నారు, లెక్కకు అది నిజమే. కానీ గుర్తనేది కట్టిన క్షణానికే సాక్ష్యమని, ఆ తరువాతి సంగతి దానికి తెలియదని, జీవితమంతా రుజువులు చెప్పిన నాకు ఆ రోజుదాకా తట్టలేదు.

మేడ మీద ఆ అమ్మాయితో, తెరచాప మార్చడం మరిచిపోకు తల్లీ అన్నాను.

"ఈ కొత్త పార్టుల మార్చే పనే లేదమ్మమ్మా. రాజు సచ్చిపోతుంటే ఆడేటోళ్లు ఏడుస్తున్నరని, దానంతటదే మారేటట్టు పెట్టిన్రట."

నేను చూస్తుండగానే మారింది. ఎవరి చెయ్యీ పడకుండానే నల్లది జారి తెల్లది లేచింది, ముసలి రాజు చేతులు చాచి మెట్లు దిగాడు. అంతలో ఆ అమ్మాయి ఫోను మోగింది. పల్లెలో ఉన్న తల్లి, ఫోనులో బిడ్డ పేరు పక్కన, ఆన్‌లైన్‌లో ఉన్నట్టు చూపే ఆకుపచ్చ చుక్క పొద్దుటినుంచి కనబడలేదని గాబరా పడుతోంది. "మంచిగనే ఉన్ననే అమ్మా, చదువుకుంటున్న," అని ఆ అమ్మాయి నాకు కన్నుగీటింది.

ఇప్పుడు అందరి క్షేమమూ అందరి అరచేతిలోనే కనిపిస్తోంది, బాల్కనీ వైపు తలెత్తే పని ఎవరికీ లేదు. మంచిదే. అయినా ఆ తల్లి చుక్క కోసం చూస్తూ ఊరుకోక గొంతు వినాలని ఫోను చేసినందుకు, మిరపకాయల చేట పట్టుకుని మెట్లు దిగుతూ, ఆమెకు మనసులోనే దణ్ణం పెట్టుకున్నాను.