ఒక మనవికి ఒక బిందె

ఖమ్మంలో మా వీధి చివర బోరింగు కిర్రుమంటే నా వేళ్లు కీబోర్డు మీదే ఆగిపోతాయి. నేను ఒక క్రిప్టో కరెన్సీ నెట్‌వర్కుకు కాపలాదారుణ్ణి. పంపడానికి రుసుము లేదు కదా అని ఎవరో మహానుభావుడు చీమ తలకాయంత సొమ్మును లక్షల ముక్కలు చేసి పంపుతుంటాడు. నిజంగా అవసరమున్నవాళ్ల లావాదేవీలు ఆ వరద వెనక నిలబడి గడ్డాలు పెంచుకుంటాయి. అందుకని, పంపే ప్రతిసారీ పంపేవాడి యంత్రమే ముందుగా ఒక చిన్న లెక్క చేయాలని నియమం పెట్టాం. ఒకసారికి నొప్పి తెలియదు, లక్షసార్లకు యంత్రం నాలుక బయటపెడుతుంది. అందరూ అది నా తెలివి అనుకుంటున్నారు. పినపాక దగ్గర మా చర్చిలో సండే స్కూలు నడిపిన రూతమ్మ టీచరు తెలివి అది.

ఆరాధన చివర అందరం ప్రార్థన మనవులు చెప్పుకునేవాళ్లం. ఏసుదాసన్న లేచాడంటే గోదావరి పొంగినట్టే. బర్రె పాలు, మోటారు సైకిల్ మైలేజీ, అల్లుడి ప్రమోషన్, బావమరిది బట్టతల. ఆ బట్టతల మీద వెంట్రుక మొలిచేలోపు పాస్టరయ్య ఎక్కాల్సిన బస్సు వచ్చేసేది. వెనక బెంచీలో చంటిపిల్లతో కమలమ్మ. బొగ్గు గనిలో దెబ్బ తగిలి ఆమె భర్త దవాఖానాలో ఉన్నాడు. వారం వారం ఆమె నోరు తెరవకుండానే ఇంటికి పోయేది.

ఒక ఆదివారం ఆరాధన మొదలుకాకముందే టీచరు చర్చి వాకిట్లో బోరింగు పక్కన నిలబడ్డారు. ఒక మనవికి ఒక బిందె నీళ్లు కొట్టి వేపమొక్కలకు పోయాలి, ఆ తర్వాతే లోపలికి.

"ప్రార్థనకు కూలేంది టీచరమ్మా? దేవునికి చెవుల్లేవా?" అన్నాడు ఏసుదాసన్న.

"దేవునికి చెవులు మస్తుగున్నయ్ దాసూ. పాస్టరయ్యకే ఒక్క నోరు, ఒక్క బస్సు. కొట్టు."

మొదటి బిందె బర్రె కోసం కొట్టాడు. రెండో బిందె సగంలో ప్రమోషన్‌ను అల్లుడికే వదిలేశాడు. బట్టతల ఊసే ఎత్తలేదు.

అంతలో కమలమ్మ వచ్చింది. చంకలో పిల్ల, ఒంటి చేత్తో బోరింగు కదలదు. టీచరు కొంగు దోపుకుని కొట్టడం మొదలుపెట్టారు.

"గామెకైతే నువ్వే కొడ్తవా? గిదేం న్యాయం?" అన్నాడు ఏసుదాసన్న.

"మొక్కకు నీళ్లు పడ్డయా లేదా? ఎవరు కొట్టిండ్రని మొక్క అడగదు. వచ్చి బిందె మొయ్యి."

మోశాడు. ఆ రోజు అందరికంటే ముందు కమలమ్మ లేచింది. "మా ఆయన లేచి నడవాలె" అని కూర్చుంది. అంత చిన్న మనవికి పైకప్పు రేకులు ఆంధ్రా దాకా ఎగిరిపోయేటట్టు ఆమెన్ చెప్పినవాడు ఏసుదాసన్నే.

మొన్న మా నియమం అమల్లోకి వచ్చాక, అడవి పల్లెల్లో పాత ఫోన్లవాళ్లు ఆ లెక్క చేయలేక ఆగిపోతున్నారని తెలిసింది. "రూలు రూలే" అన్నాడు మా మేనేజరు. వాళ్ల లెక్క మన యంత్రాలే చేసిపెట్టేటట్టు రాసి ఆయన ముందు పెట్టాను. ఒప్పుకునేదాకా ఆయన గది ముందునుంచి కదలలేదు. టీచరు పోయి చాలా ఏళ్లయింది. ఇప్పటికీ ఏ నియమం రాసినా, దాన్ని మోయలేని మనిషి కోసం వెతుకుతాను. కనబడేదాకా నాకు అన్నం సయించదు. నా తిండి సంగతి తెలిసినవాళ్లకు అది ఎంత పెద్ద మాటో తెలుసు.