రైలుకు ఒడిబియ్యం

మా చిన్నప్పుడు... మా అవ్వ రైలుకు ఒడిబియ్యం పోసింది. నవ్వకండి, ముందు వినండి.

పాకాల నుంచి మదనపల్లె వైపు కొండల్లో మీటర్ గేజి బండి పోయేది. కొండ ఎక్కుడు వచ్చిందంటే పాపం ఇంజను ఆయాసపడేది. కిటికీలోంచి చెయ్యి చాస్తే సీతాఫలం కొమ్మలు తగిలేవి. పెద్ద లైను వేస్తున్నారు, ఇక ఈ బండి ఉండదన్నారు. ఆఖరి రోజు పీలేరు దాకా పోదామని ఇంటిల్లిపాదీ బయల్దేరాం.

అవ్వ మాత్రం పొద్దున్నే బియ్యానికి పసుపు కలుపుతూ కూర్చుంది. పుట్టింటి నుంచి పోయే ఆడబిడ్డ ఒడిలో పోస్తారే, ఆ బియ్యం... పక్కన కొబ్బరి గిన్నెలు, ఖర్జూరాలు, రవిక గుడ్డ.

"ఎవురికిమ్మా ఇయ్యన్నీ?" అన్నాడు మా నాయన.

"బండికి. పెండ్లికూతుర్ని నన్ను ఈ ఊరికి తెచ్చింది అదే కదరా! ఒట్టి చేతుల్తో ఎట్ట పంపిచ్చేది?"

"నలుగురూ నవ్వుతారమ్మా!"

"నవ్వుకోనీ. వాళ్ళ నోరు, వాళ్ళ పండ్లు."

పాకాలలో జనం ఇంజను దగ్గరికి పోనిస్తే కదా! పూలదండలు, అరటి పిలకలు, ఫోటోలు... అవ్వ మూట ఒళ్ళో పెట్టుకుని, మూతి ముడుచుకుని పెట్టెలో కూర్చుంది. దామలచెరువు దాటాక ఒక చిన్న స్టేషనులో బండి ఆగింది. అంతే, అవ్వ దిగి ఇంజను వైపు నడక! వెనక నేను... నా వెనక "యాడికిమ్మా!" అని అరుస్తూ నాయన.

అవ్వ ఇంజనుకు పసుపు పూసి కుంకుమ పెట్టింది. అప్పుడు తట్టింది, దీనికి ఒడి లేదని. గుబురు మీసాల డ్రైవరు వైపు చూసింది.

"నాయనా, దీని బదులు నువ్వు ఒడి పట్టు."

ఆయన ఏమనుకున్నాడో ఏమో... ఇంజను మెట్టు మీద కూర్చుని తువ్వాలు పరిచాడు. అవ్వ ఆయన నుదుట కూడా ఇంత కుంకుమ అద్దింది. ఆ మీసాలూ, ఆ బొట్టూ... బండి బండంతా విరగబడి నవ్వింది. నాయనకు తలెత్తే ధైర్యం లేదు.

ఒడిబియ్యం ఐదు దోసిళ్ళు పడాలి. మూడో దోసిలికే గార్డు ఈల వేశాడు.

"అవ్వా, సిగ్నలు పడిందవ్వా!"

"పడనీ. ఇంకా రెండుండాయి."

ఇంజను లోపలున్న అసిస్టెంటు డ్రైవరు బండి కదిలించాడు. అవ్వ పక్కనే నడుస్తూ నాలుగోది పోసేసింది! "చాలవ్వా, ఒడి నిండింది!" అని డ్రైవరు మొత్తుకుంటున్నాడు. ఐదోది దోసిట్లోకి తీసుకునేసరికి ప్లాట్‌ఫారం అయిపోయింది. మా పెట్టె వస్తూనే నాయన నన్ను లోపలికి తోసి, అవ్వను రెక్క పట్టి లాగాడు. ఆ తొక్కిసలాటలోనూ ఒక్క గింజ కింద పడనిస్తేనా!

కానీ కొండ ఎక్కినంతసేపూ అవ్వ ఏడుస్తూనే ఉంది... "ఐదోది పడలేదురా అబ్బోడా" అని. పొద్దుటి నుంచి సిగ్గుతో చచ్చిపోతున్న మా నాయనే తన తువ్వాలు కొస చించి ఆ బియ్యం మూట కట్టాడు.

"కొత్త బండి వస్తాదిలేమ్మా. ఐదోది దానికి పోద్దువు."

కొత్త బండి రావడానికి ఏళ్ళు పట్టింది. అన్నాళ్ళూ పురుగు పట్టకుండా బియ్యం మారుస్తూ ఆ మూట దాచింది అవ్వ. వచ్చిన రోజు నాయనే ఆమెను అదే స్టేషనుకు తీసుకుపోయాడు. నేనూ పోయాను. బండి ఆగలేదు... దుమ్ము లేపుకుంటూ పోయింది. అవ్వ దోసిలి అట్లాగే ఉంది. నాకు ఏడుపొచ్చింది.

అవ్వ కండ్లు తుడుచుకుని, "కొత్త కోడలు కదరా... సిగ్గు. అలవాటైతే అదే ఆగుతాది" అంది.

అవ్వ పోయి చాలా ఏళ్ళయింది. మొన్న ఆ దారిలోనే రైల్లో పోతూ ఆ స్టేషను కోసం చూశాను... పేరు చదివేలోపే దాటిపోయింది. ప్రయాణం సుఖంగానే ఉంది. ముసలామె నడకకు అందే బండి మాత్రం మళ్ళీ రాలేదు.

మీ ఊరి పాత బండిని మీరెట్లా సాగనంపారో రాయండి... ఐదు దోసిళ్ళూ పడ్డాయా?